గంజి వాసన అందని చోటు

సిద్దిపేట,
1946 జనవరి 4, శుక్రవారం.

పూజ్యులైన అన్నగారికి,

ఈ రోజు తొలి వింత పొద్దు పొడవకముందే జరిగింది. కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి, వీధి నడుమ దుబ్బయ్య పెదనాయిన సాచిన పడుగు పోగుల మీద మన కుక్క కండె నిలబడి ఉంది. మొరగడం లేదు, పరుగెత్తడం లేదు. కొత్త అల్లుడు విందు తిన్నట్టు తీరికగా, నూలు మీది గంజిని నాకుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది.

గంజి రాసే కుంచె పట్టిన వాళ్ళిద్దరూ అటు కొసన ఉన్నారు. వాళ్ళ కేకకు కుక్క బెదిరి దూకింది. పోగులు తెగాయి. మగ్గం మీద పెరిగిన మీకు నేను చెప్పేదేముంది? తెగినవాటిని వెతికి ముడి వేసేలోగా గంజి ఆరిపోయింది, పోగులు ఒకదాన్నొకటి కరచుకున్నాయి. ఈ కంట్రోలు రోజుల్లో ఆ నూలు కోసం పెదనాయిన ఎంత తిరిగాడో వీధి అంతటికీ తెలుసు.

మధ్యాహ్నం పెద్దలు కూర్చున్నారు. గంజి పెట్టే వేళ కుక్క ఈ వీధిలో కనబడకూడదన్నారు. మళ్ళీ పడుగు ముట్టిందంటే వాళ్ళే తీసుకుపోతారట. ఎక్కడికని అడిగాను. పెదనాయిన తన చేతికర్ర వంక చూసుకున్నాడు.

ఇంట్లో కట్టేయమని అవ్వ అంది. ఆ పని ఇదివరకే చేసి చూశాను. గంజి వాసన తగిలిందంటే అది తాడు కొరుకుతూ ఏడుస్తుంది. ఎందుకో మీకూ తెలుసు. పడుగు ఆరాక కుండ అడుగున మిగిలిన గంజిని మీ బిడ్డ సాయవ్వ తన చిన్న ముంతలో పట్టుకుని దానికి పోసేది కదా. మనమంతా వంగి దాటే పడుగు కింద నుంచి ఆ పిల్ల తల వంచకుండా నడిచి వచ్చేది. వానాకాలం వచ్చిన గత్తర జబ్బులో సాయవ్వ పోయిందని మనందరికీ తెలుసు. కండెకు చెప్పినవాళ్ళు లేరు.

అందుచేత రేపటి నుంచి కోడి కూసే వేళకు దాన్ని ఊరి బయటికి, గంజి వాసన అందని చోటికి తీసుకుపోయి, బడి వేళకు తిరిగి వస్తాను. బడిలో అంతా ఉర్దూ కాబట్టి సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని తెలుగు మాటలు నేర్చుకుంటున్నాను. నిన్న 'విహారం' అనే మాట దొరికింది. రేపటి నుంచి నేనూ కండే విహారం చేస్తాం.

అవ్వ కులాసా. వదిన రాట్నం తిప్పుతోంది కానీ మాట్లాడదు, గడప దాటదు. మీ ఉత్తరాలలో ఆమె సంగతి అడగరు. అయినా రాస్తున్నాను.

మీ తమ్ముడు,
ఐలయ్య.


భీవండి,
18-1-46

తమ్మీ ఐలయ్యా,

నీ ఉత్తరం అందింది. పూజ్యులు ఏందిరా, మీరు ఏందిరా? నేనేమన్న తహశీల్దారునా? సక్కగ అన్నా అని రాయి.

విహారం అంటే ఏందో మేముండే ఖోలిల ఎవలకు తెల్వలే. సిరిసిల్ల భూపతి ఒకడున్నడు, ఏదన్న తినేటిదే కావచ్చు అన్నడు.

దుబ్బయ్య పెదనాయిన కోపం పొద్దుమీకితే పోయేదే. గని పడుగు సంగతిల మాత్రం మాట తప్పడు. ఇంకోపారి తెగితే కుక్కను ఉంచడు. గా జాగల నేనున్నా ఉంచకపోదును. పైలంగ చూస్కో. కోమటి చెరువు కట్ట మీదికి తీస్కపో, గాడ గాలి మంచిగ కొడ్తది.

ఈడ సాంచల పని, కరెంటుతోని నడిచే మగ్గాలు. చెవులు దిమ్మెక్కుతయి. ఒకందుకు మంచిదే. సాంచ నడుస్తుంటే పక్కపొంటి మనిషి ఏం మాట్లాడినా ఇనరాదు.

ఒక్క మాట. గా బిడ్డ పేరు ఉత్తరంల రాయకు. మల్ల రాయకు.

సారయ్య.


సిద్దిపేట,
1946 ఫిబ్రవరి 1, శుక్రవారం.

అన్నా,

నువ్వు చెప్పినట్టే చెరువు కట్ట మీదికి వెళ్ళాం. దారి పొడవునా మాకు మర్యాదలే. కుక్కను తాడు పట్టి తిప్పడం ఈ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పొలంలో మోట తోలే యోహాను ఒకప్పుడు సికింద్రాబాదు కంటోన్మెంటులో పని చేశాడట. రోజూ ఎడ్లను ఆపి మరీ పలకరిస్తాడు. "ఏం దొరా, మేమ్‌సాబ్ ఇంక లేవలేదా?" అంటాడు. ఇప్పుడు వీధిలో పిల్లలంతా నన్ను దొర అనే పిలుస్తున్నారు.

కట్ట మీద మొదటి రోజులు ఎంత బాగున్నాయో చెప్పాలని ఒక పేజీ రాసి చించేశాను. నీళ్ళ మీద మంచు, మంచులో కొంగలు, అంతే. కండె హాయిగా నడిచింది. గంజి పీడ వదిలిందనుకున్నాను.

నేను మరిచిందేమిటంటే, గంజి మన సాలోళ్ళ ఇళ్ళలోనే ఉడకదు. కట్ట ఆ చివర చాకలి బండల దగ్గర రామవ్వ రోజు విడిచి రోజు బట్టలకు గంజి కాస్తుంది. ఒక ఉదయం గాలి అటు నుంచి వీచింది. కండె నా చేతిలోని తాడు లాక్కుని పోయి ఆమె పొయ్యి ముందు కూర్చుంది. రామవ్వ మంచిది. పగిలిన కుండపెంకులో కాసింత గంజి పోసి చల్లార్చి ముందు పెట్టింది.

కండె మూతి పెట్టలేదు. రామవ్వ ముఖం చూసింది. కుక్క ఆమె పక్కన చూసింది, ఆమె వెనక చూసింది. మళ్ళీ కూర్చుంది. పొద్దు బాగా పైకి వచ్చేదాకా లేవలేదు. ఆఖరికి రామవ్వే కొంగుతో ముఖం తుడుచుకుని, "తీస్కపో బిడ్డా, నాతోని గాదు" అంది. చివరికి దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

ఆనాడు పడుగు మీద గంజి నాకుతోందని మనమంతా అనుకున్నాం. అది గంజి కోసం కాదేమో అన్నా. అలా నాకుతూ పోతే ఆ చివర ఎవరైనా కనబడతారని పోయిందేమో.

చెరువు వైపు మానేసి హైదరాబాదు పోయే మోటారు రోడ్డు పట్టాం. రెండో రోజు వెనక ఎవరో వస్తున్న అలికిడి అయింది. తిరిగి చూస్తే వదిన. తల మీద కొంగు కప్పుకుని, ఎవరో పరాయి మనిషిలా దూరంగా నడిచి వస్తోంది. ఎందుకు వచ్చావని అడగలేదు. అడిగితే ఇంటికి వెళ్ళిపోతుందని భయమేసింది.

మోటారు ఆగే చోట, నువ్వు ఊరు విడిచిననాడు మెట్టు ఎక్కిన జాగాలో, కండె ఆగిపోయింది. వదిన కూడా ఆగింది. ఇంతలో మోటారు వచ్చింది. దిగిన ప్రతి మనిషినీ కండె పాదాల నుంచి ముఖం దాకా చూసింది. వదిన వైపు చూశాను. ఆమె కూడా అలాగే చూస్తోంది.

ఇక ఆ దిక్కు కూడా మాకు లేదు. నారాయణరావుపేట వైపు ఒకటే మిగిలింది. నువ్వు వద్దన్న ఆ పేరు రాయలేదు, చూసుకో.

ఐలయ్య.


భీవండి,
16-2-46

తమ్మీ,

పోయిన ఉత్తరంల గట్ల కసిరినట్టు రాసిన. మనసుల పెట్టుకోకు.

నీకు ఒకటి చెప్పలే ఇన్నొద్దులు. ఖోలి నుంచి కార్ఖానకు పోయే తొవ్వల గంజి గది ఉన్నది. పెద్ద పెద్ద బానలల్ల ఉడుకుతది. వచ్చిన కొత్తల పొద్దుగాల గా వాసన తాకంగనే నా కాళ్ళు ఆగిపోయినయి. వెనుకొచ్చేటోళ్ళు తోసుకుంట తిట్టుకుంట పోయిన్రు. తెల్లారి గంతే. మూడో దినం నుంచి గా తొవ్వ ఇడిచిపెట్టిన. బండ్లు పోయే సందుల నుంచి తిరిగి, ఖాడీ, గదే సముద్రం పాయ, నీళ్ళ పక్కపొంటి పోయి, వెనుక దర్వాజ నుంచి కార్ఖానల పడుతున్న. మస్తు దూరం. అది గూడ ఒకపారి గాలి మళ్ళితే పనికిరాదు, ఇంకో సందు చూసుకోవాలె. భూపతికి ఇదంత తెల్వదు. రోజు షికారు పోతున్నవా అంటడు. నీ విహారం యాదికొచ్చి నవ్విన.

కండె తీర్గనే నేను గూడ కొత్త తొవ్వలు ఎతుకుతున్ననురా. దానికైతే తాడు పట్టనీకె నువ్వున్నవు.

మీ వదిన మోటారు అడ్డ దాక వచ్చిందా? ఎంతసేపు నిలబడ్డది? ఏమన్న అన్నదా?

సారయ్య.


సిద్దిపేట,
1946 మార్చి 1, శుక్రవారం.

అన్నా,

దొరికింది.

నారాయణరావుపేట దారిలో తాటివనం దాటాక ఎడమకు ఒక బండ్లబాట చీలుతుంది. అది కొంచెం దూరం పోయి రాళ్ళలో కలిసిపోతుంది. ఆ పైన ఒక గడ్డ. అక్కడ ఇల్లు లేదు, పొయ్యి లేదు, చాకలి బండ లేదు. ఆకు రాలిన సీతాఫలం చెట్లు, పూసిన మోదుగులు, పెద్ద పెద్ద రాతి గుండ్లు. 'నిర్మానుష్యం' అనే మాట పుస్తకంలో చదివినప్పుడు భయం పుట్టించేదిగా ఉంటుందనుకున్నాను. అక్కడ నిలబడితే భయం కలగలేదు.

కండెకు తాడు విప్పాను. కాసేపు ముక్కు నేలకు ఆనించి అటూ ఇటూ తిరిగింది. దానికి తెలిసిన వాసన ఒక్కటీ దొరకలేదనుకుంటాను. ఒక కంజు పిట్ట బుర్రున లేచింది. అంతే, కండె చెవులు వెనక్కి పెట్టి దాని వెంట పడింది. వానాకాలం తరువాత అది పరుగెత్తడం ఇదే మొదటిసారి. గుండు మీది నుంచి జారి పల్టీ కొట్టి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు మా వైపు చూసింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందనే నా నమ్మకం.

ఆమె ఇప్పుడు రోజూ వస్తోంది. దూరంగా కాదు, నా పక్కనే నడుస్తుంది. వీధిలో దుబ్బయ్య పెదనాయిన మా ముగ్గురినీ చూస్తాడు, మేము వెళ్ళేదాకా పడుగు సాచకుండా ఆగుతాడు.

నీ ఉత్తరం ఆ గుండు మీద కూర్చునే చదివి వినిపించాను. గంజి గది దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చదవమంది. చదివాను. మోటారు అడ్డా దగ్గర ఏమన్నా అన్నదా అని నువ్వు అడిగిన చోట మాత్రం తల తిప్పుకుంది. ఏమీ అనలేదు అన్నా. ఎండ చుర్రుమనేదాకా నిలబడింది.

తరువాత తనంతట తానే మాట్లాడింది. నేను మార్చకుండా రాస్తున్నాను. "గీ జాగల నా బిడ్డ ఎన్నడు నడువలే. గందుకే గీడ ఊపిరాడుతుంది" అంది. లేచి చీరకు అంటిన గడ్డిపోచలు ఒక్కొక్కటే తీసి పారేసింది. "గందుకే గీ జాగ నాకు నచ్చుతలేదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు నేనే ముందు నడిచాను.

ఐలయ్య.


భీవండి,
12-3-46

తమ్మీ,

మీ వదిన అన్న మాట సదివి, మల్ల మడత పెట్టి, మల్ల తీసి సదివిన. సాయవ్వ నడువని జాగలనే నేను గూడ ఉన్న. ఊపిరి ఆడుతుంది అనుకున్న. గంతే.

పేరు నేనే రాసిన. చూసినవా?

గిది ఎక్కువ రోజులు సాగదు. ఆమె ఒక దిక్కు, నేనొక దిక్కు. ఒక చిన్న ఖోలి కిరాయికి దొరికింది. ఒక పొయ్యి, ఒక మంచం పట్టేటంత. మన వీధి బాలయ్య చెల్లె పెండ్లి చేసి మల్ల భీవండి వస్తుండు గద. ఆయన వెంబడి మీ వదినను తోలియ్యుండ్రి. వస్తనంటేనే. రానంటే బలిమి చెయ్యకున్రి. అవ్వను నువ్వు చూస్కుంటవని నాకు నమ్మకం.

కండె గీడికి రాదు. ఖోలి మాలకుడు కుక్కలను రానియ్యడు. మా అత్తగారింట్ల మేకలున్నయి, గాడ ఇడిచిరా. లేకుంటే నీ దగ్గరుంచుకో.

సారయ్య.


సిద్దిపేట,
1946 మార్చి 19.

అన్నా,

వదిన వస్తానంది. నీ ఉత్తరం సగం చదివేసరికే అంది. అందువల్ల మిగిలిన సగం, అంటే కండె సంగతి, చదవలేదు. ఉత్తరం అక్కడే మడిచేశాను.

మా మాస్టరును అడిగాను. రైలులో కుక్కలకు వేరే పెట్టె ఉంటుందట. కండె గొడవ చేసేది కాదు. తాడు లేకుండానే పక్కన నడుస్తుంది. ఆ ఖాడీ వెంట నీకూ ఒక తోడు ఉంటుంది. వదిన దాదాపు రెండు నెలలుగా ఆ కుక్క వెనకే నడిచి ఇక్కడి దాకా వచ్చింది. అది లేకుండా ఆమె అంత దూరం ఎలా నడుస్తుంది? మాలకుణ్ణి ఒకసారి బతిమాలి చూడు. నా కోసం చూడు.

ఐలయ్య.


భీవండి,
27-3-46

తమ్మీ ఐలయ్యా,

మాలకుడు ఒద్దన్నది నిజమే. గని నిజం గదొక్కటే కాదు.

కండె వస్తే పొద్దుగాల ఏం చేస్తదో నీకెరుకే. గంజి గది కాడికి పోయి కూసుంటది. వచ్చేటోళ్ళ పోయేటోళ్ళ మొఖాలు చూస్తది. వెనుకకు చూస్తది. నేను ఎన్ని సందులు తిరిగినా నన్ను గాడికే గుంజుకపోతది. గుంజుకపోతే నేను గూడ దాని పక్కన కూసుంట. ఇంక లేవ. మీ వదిన ఇద్దరిని లేపాలె.

నన్ను అడగకు తమ్మీ. ఇంకోపారి అడిగితే తెమ్మంట.

సారయ్య.


సిద్దిపేట,
1946 ఏప్రిల్ 5, శుక్రవారం.

అన్నా,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. వదిన చేతికే ఇస్తున్నాను. నువ్వు దీన్ని విప్పేసరికి ఆమె నీ ఎదురుగా ఉంటుంది. ముందు ఆమెకు నీళ్ళియ్యి. తరువాత చదువు.

నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ అడగలేదు. అడిగితే తెమ్మంటావని తెలుసు కనుకే అడగలేదు. కండె రావడం లేదన్న సంగతి వదినకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు మాటలు కూడగట్టుకున్నాను. నేను నేర్చిన మాటలన్నీ తిరగేశాను. ఈ ఉదయం ఆ గడ్డ మీద నోరు విప్పబోతే ఆమె నా ముఖం చూసి, "కుక్క రాదని నాకెరుకే. నువ్వు ఉత్తరం సగంలనే మడిచిననాడే ఎరుక" అంది. నేను మడిచిన తీరును బట్టి తెలిసిందట.

ఇంటికి వచ్చాక గూట్లోంచి సాయవ్వ చిన్న ముంత తీసింది. వానాకాలం నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. మసి అంటి ఉంటే కొంగుతో తుడిచింది. పోయే ముందు తానే ఒకసారి కండెకు గంజి పోస్తుందనుకున్నాను. ముంత తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేను పోసిపోదామనే అనుకున్న. గని నేను పోస్తే ఎల్లుండి నుంచి నాకోసం గూడ కూసుంటది. నువ్వు పొయ్యి. ఉండేటోనివి నువ్వు."

కండె మా ఇద్దరి మధ్య పడుకుని ముంత వంకే చూస్తోంది.

రేపు బాలయ్య వెంట ప్రయాణానికి అంతా సిద్ధం. అవ్వ జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు మూట కట్టింది. కట్టినదాన్నే మళ్ళీ విప్పి కడుతోంది. దుబ్బయ్య పెదనాయిన సాయంత్రం గడప దాకా వచ్చాడు. రేపు మోటారు కదిలేదాకా మన వీధిలో ఎవరూ పడుగు సాచరని చెప్పి పోయాడు. ఈ వీధి ఖాళీగా ఉండడం చావులకు తప్ప నేను చూడలేదు. వదిన రేపు నడిమధ్య నుంచి నడిచిపోవచ్చు.

ఒక్క చిక్కు మిగిలింది. మేము వెతికిన ఆ గడ్డ రేపటికి పనికిరాదు. అక్కడికి గంజి వాసన రాదు కానీ, గాలి ఇటు తిరిగితే మోటారు కూత వినబడుతుంది. మొన్న వినబడినప్పుడు కండె ఆట మానేసి ఊరి వైపు తిరిగి నిలబడింది. రేపు అలా నిలబడకూడదు. వదిన కూడా మోటారెక్కి వెనక్కి చూస్తే అది కనబడకూడదు. ఆ మాట ఆమే అడిగింది.

అందుకని ఈ సాయంత్రం కండెను తీసుకుని గడ్డ దాటి ఇంకా ముందుకు పోయాను. అవతల ఒక ఎండిన వాగు ఉంది. రెండు వైపులా ఎత్తయిన ఒడ్లు, అడుగున ఇసుక. హైదరాబాదు నుంచి సాయంత్రపు మోటారు వచ్చే వేళ దాకా అందులోనే కూర్చున్నాను. ఒడ్డెక్కి చూస్తే తాటిచెట్ల మీద దుమ్ము లేచి ఉంది. మోటారు వచ్చేసిందన్నమాట. నాకేమీ వినబడలేదు. కండె ఇసుక తవ్వుతూనే ఉంది.

రేపు కోడి కూయకముందే అవ్వ గుప్పెడు జొన్నపిండి వేసి గంజి కాస్తుంది. ఇంకా చీకటి ఉండగానే నేను కండెను తీసుకుని బయలుదేరతాను. వదిన అప్పుడు లోపలి అరలో ఉంటానంది, బయటికి రానంది. చల్లారిన గంజిని ముంతలో పోసుకుని, తొణకకుండా వాగు దాకా పట్టుకుపోతాను. ఇసుకలో గుంట చేసి ముంతను దాని ముందు పెట్టి కూర్చుంటాను. అది నా ముఖం చూస్తుంది. నా వెనక్కి చూస్తుంది. చూడనీ. మూతి పెట్టేదాకా అక్కడే కూర్చుంటాను. రేపు బడికి రానని మాస్టరుకు ఇప్పుడే చెప్పి వచ్చాను.

ఐలయ్య.